డిగ్రీ మార్కులు ఎంతదాకా వెంట వస్తాయి?

పదో తరగతిలో ఊరంతా చెప్పుకున్న మార్కులు, ఇంటర్‌లో వెయ్యికి తొమ్మిది వందల పైన, బీటెక్‌కి వచ్చేసరికి సప్లీల మీద సప్లీలు. ఇట్లాంటి పిల్లలు మన వైపు వీధికొకరు ఉన్నారు. ఉద్యోగంలో నాలుగేళ్ళు నిలదొక్కుకుని ఎంబీఏ చదువుదామనుకునే సరికి, మరిచిపోయామనుకున్న ఆ మార్కుల లిస్టు మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. అది ఎంత మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి అన్నదాని మీద రేణిగుంటలో ఒక ఇంట్లో ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది. చిన్నాయన డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఒక ప్రైవేటు బిజినెస్ స్కూలు అడ్మిషన్ ఇంటర్వ్యూల్లో కూర్చున్నారు. అమ్మాయి ఆయన అన్న కూతురు. జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీలో ఈసీఈ చదివింది, 54 శాతం. ఇప్పుడు ఏర్పేడు దారిలోని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఒకదానిలో లైన్ సూపర్‌వైజరు. మాట పక్కదారి పడుతోందనిపించిన చోట నేను మధ్యలో అడ్డం వచ్చాను.

చిన్నాయన: ముందు ఒక మాట ఒప్పుకో పాపా. 54 అనేది ఒక్కరోజు జ్వరమొస్తే వచ్చిన మార్కు కాదు. ఎనిమిది సెమిస్టర్లు. అంతకాలం ఒక మనిషి ఎట్లా పనిచేసిందో చెప్పే కాగితం ఇంకొకటి లేదు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాడికి నీతో మాట్లాడడానికి ఇరవై నిమిషాలుంటాయి. ఆ ఇరవై నిమిషాలను నమ్మాలా, నాలుగేళ్ళను నమ్మాలా?

అమ్మాయి: నాలుగేళ్ళకు ముందు రెండేళ్ళున్నాయి కదా. ఇంటర్‌లో నాకు 962. పొద్దున ఐదింటికి లేపేవాళ్ళు, రాత్రి పదిదాకా స్టడీ అవర్లు. ఏ లెక్క ఎప్పుడు చెయ్యాలో, ఏ చాప్టర్ ఎన్నిసార్లు తిరగెయ్యాలో అంతా వాళ్ళే చెప్పేవాళ్ళు. చదివింది నేనే. నడిపింది మాత్రం వాళ్ళు. బీటెక్‌లో చేరాక గంట కొట్టేవాళ్ళు లేరు. మొదటి ఏడు మ్యాథ్స్ పోయింది, రెండో ఏడు సిగ్నల్స్ పోయింది. పోయినవాటికి సప్లీ రాసుకుంటూ కొత్తవి పోగొట్టుకున్నాను. నాలుగో ఏడు ఒక్కటీ పోలేదు, లిస్టు తీసి చూడు.

చిన్నాయన: చూశాను. చివరి రెండు సెమిస్టర్లూ డెబ్బై దగ్గర ఉన్నాయి. అది నీకు పనికొచ్చే సంగతి. కానీ నువ్వు చెప్పిన కారణం నీకే ఎదురు తిరుగుతుంది. బిజినెస్ స్కూల్లోనూ గంట కొట్టేవాడు ఉండడు. రేపటి క్లాసుకు రెండు కేసులు చదివి రమ్మంటారు, చదవకపోతే ఎవరూ తిట్టరు. అప్పుడు నిన్ను నువ్వు నడుపుకోలేనిదానివి ఇప్పుడెట్లా నడుపుకుంటావని అడుగుతారు.

అమ్మాయి: ఇప్పుడు నడుపుకుంటున్నాను కదా. నన్నే కాదు, షిఫ్టులో నలభై మందిని.

ఇక్కడ నేను అమ్మాయి పక్షం. రెండేళ్ళపాటు పిల్లలను ఒక్క నిర్ణయమూ తీసుకోనివ్వని చదువు చదివించి, పదిహేడేళ్ళకు వాళ్ళను ఒక్కసారిగా వదిలేస్తున్నాం. ఆ తర్వాత మార్కులు పడిపోతే దాన్ని పిల్లల గుణం కింద రాసుకుంటున్నాం. ఇంటర్ మార్కుల బ్యానర్లు వీధి మొగదల కట్టినవాళ్ళు, బీటెక్ రెండో ఏడులో ఆ పిల్లలకేమైందో ఎప్పుడూ అడగలేదు. ఇట్లా అన్నంత మాత్రాన చిన్నాయన వేసిన ప్రశ్న పోదని కూడా తెలుసు. దానికి జవాబు అమ్మాయే చెప్పుకోవాలి.

చిన్నాయన: సరే, ఎవరి వాకిట్లో ఏ నియమం ఉందో చూద్దాం. మన రాష్ట్రం ఎంబీఏ ఎంట్రన్సు ఐసెట్‌తో మొదలుపెడదాం. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 45 శాతం ఉంటే చాలు. ర్యాంకు మొత్తం ఆ పరీక్షదే. నీ 54 నిన్ను లోపలికి పంపి పక్కకు తప్పుకుంటుంది.

అమ్మాయి: మరి అది న్యాయమే కదా?

చిన్నాయన: న్యాయమే. కానీ అర్హత మార్కు 200కు 50, ఎస్సీ ఎస్టీలకు అదీ అక్కర్లేదు. అంత వెడల్పు తలుపు పెట్టినచోట లోపలికి పోవడం గొప్ప కాదు, ఎంత ముందు పోయావన్నదే లెక్క. మంచి ర్యాంకొస్తే తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1954 నుంచి నడుస్తోంది. ఆడపిల్లలకు 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఇంటి నుంచి బస్సులో పోయి రావచ్చు, ఫీజు మోయగలిగినంతే. ర్యాంకు యాడో పోయిందనుకో, అప్పుడూ సీటొస్తుంది. ఆ సీటు వల్ల నీకేమొస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అమ్మాయి: నాకు క్యాట్ రాయాలనుంది చిన్నాయనా.

చిన్నాయన: రాయి. క్యాట్‌కూ అదే 50, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు 45. అది రాయడానికి అర్హత మాత్రమే. పిలుపు ఎవరికివ్వాలో ఒక్కో ఐఐఎం తన లెక్క తాను వేసుకుంటుంది, ఆ లెక్కను ముందుగానే ప్రకటిస్తుంది. నువ్వు బెంగళూరు బెంగళూరు అంటున్నావు. వాళ్ళు క్యాట్‌తో పాటు పదో తరగతికి, ఇంటర్‌కి, డిగ్రీకి మూడింటికీ మార్కులు వేస్తారు.

అమ్మాయి: పని అనుభవానికి కూడా వేస్తారు. ఆడపిల్లనైనందుకూ కొన్ని ఉన్నాయి. ఇక పదిలో, ఇంటర్‌లో నేను బలంగా ఉన్నాను. మూడింట్లో రెండు నావైపే.

చిన్నాయన: అక్కడే నువ్వు సరిగ్గా చదవలేదు. నీ 962ను ఉన్నదున్నట్టు తీసుకోరు. ఒక్కో బోర్డు ఒక్కో రకంగా మార్కులేస్తుంది కాబట్టి, అదే బోర్డు నుంచి వచ్చినవాళ్ళలో 90వ పర్సంటైల్ దగ్గర ఎంత మార్కుందో చూసి, దాంతో భాగిస్తారు. మన ఇంటర్ బోర్డులో ఆ స్థాయిలో ఎంత ఉంటుందంటావ్? నీ 962 లాంటివి గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఊళ్ళో గొప్పగా కనబడ్డ మార్కు ఆ లెక్కలో పడ్డాక మామూలు మార్కైపోతుంది.

అమ్మాయి కొంచెం సేపు మాట్లాడలేదు. నేను గమనించిందేమిటంటే, మన పిల్లలు చాలామంది ఇంటర్ మార్కులను దాచుకున్న డబ్బులా లెక్కేసుకుంటారు. డిగ్రీలో పోయినా అది కాపాడుతుందని ధైర్యం. ఆంధ్రా బోర్డు మార్కులతో పైకి పోవాలనుకునేవాళ్ళు ఈ భాగహారం సంగతి డిగ్రీ మొదటి ఏడులోనే తెలుసుకోవాలి.

అమ్మాయి: సరే, డిగ్రీకి కూడా అట్లాగే ఇంజనీరింగ్ వాళ్ళను ఇంజనీరింగ్ వాళ్ళతో పోలుస్తారు. బీకామ్ వాళ్ళ 80 పక్కన నా 54 పెట్టరు.

చిన్నాయన: పెట్టరు. ఇంజనీరింగ్ వాళ్ళ 80 పక్కనే పెడతారు. బెంగళూరు పిలుపు రావాలంటే క్యాట్‌లో నువ్వు చాలా చాలా పైన ఉండాలి. ఉండలేవని అనడం లేదు. రెండు గంటల పరీక్ష, మూడు భాగాలు, భాగానికి నలభై నిమిషాలు. షిఫ్టు నుంచి ఇంటికొచ్చి దానికి కూర్చోవాలి. విశాఖ ఐఐఎం 2015లో మొదలైంది. కొత్త ఐఐఎంలు కొన్ని కలిసి ఇంటర్వ్యూలు పెడతాయి. నీకు అక్కడ ఆశ పెట్టుకోవడం మేలు.

అమ్మాయి: ఐఐఎం ఒక్కటే లోకమా? జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 1949 నాటిది, వాళ్ళ ఎక్స్‌ఏటీ రాయడానికి ఇంత శాతం ఉండాలన్న షరతు లేదు. హైదరాబాదు ఐఎస్‌బీ జీమ్యాట్ గానీ జీఆర్‌ఈ గానీ అడుగుతుంది. రెండేళ్ళ ఉద్యోగం ఉండాలంటుంది, వ్యాసాలు రాయమంటుంది. అక్కడ లెక్క వేసేది మెషీను కాదు, మనిషి కూర్చుని ఫైలు చదువుతాడు.

చిన్నాయన: చదివేవాడు 54ను చూడకుండా చదవడు.

అమ్మాయి: చూస్తాడు. చూసి తర్వాతి పేజీ తిప్పుతాడు. నేనడిగేది ఆ పేజీ తిప్పే అవకాశమే. సత్య నాదెళ్ళ ఐఐటీ ఎంట్రన్సు పాస్ కాలేదని ఆయనే రాసుకున్నాడు. ఆయన వాళ్ళది మన అనంతపురం జిల్లా బుక్కాపురమే కదా. అట్లాంటి మనిషి మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ వారాంతాల్లో షికాగో పోయి వచ్చి 1997లో ఎంబీఏ తీసుకున్నాడు.

చిన్నాయన: ఆ పేరు ఎవరో ఒకరు చెప్తారని కాచుకునే ఉన్నాను. ఎంట్రన్సు పోవడం వేరు, డిగ్రీలో మార్కులు పోవడం వేరు. ఆయన మణిపాల్‌లో ఇంజనీరింగ్ చేసి, అమెరికాలో మాస్టర్స్ చేసి, ఆ తర్వాత షికాగో పోయాడు. మధ్యలో ఇంకో చదువు ఉంది. నీకు మధ్యలో ఏముంది?

ఈ మాట గట్టిది. పెద్ద పేర్లు చెప్పి పిల్లలకు ధైర్యం చెప్పడం మనకు అలవాటు. వాళ్ళ కథలో మనకు పనికొచ్చే ముక్క ఏదో ఎవరం విప్పి చూడం. నాదెళ్ళ దారిలో ఈ అమ్మాయికి పనికొచ్చేది ఐఐటీ పోవడం కాదు. డిగ్రీకి, ఎంబీఏకి మధ్య ఇంకో రుజువు సంపాదించడం, ఉద్యోగం వదలకుండా చదవడం.

అమ్మాయి: మధ్యలో ఏముందంటావా? చెప్తాను. మా లైన్లో సర్క్యూట్ బోర్డులు ఫైనల్ టెస్టులో పోతుంటాయి. ఎప్పుడూ కొన్ని పోతాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను గంట గంటకు రాసి పెట్టడం మొదలుపెట్టాను. షిఫ్టు మారాక మొదటి గంటలో రిజెక్షన్ ఎక్కువ. మెషీను అదే, మెటీరియల్ అదే. మనుషులను చూశాను. శ్రీకాళహస్తి వైపు నుంచి, పుత్తూరు వైపు నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలు బస్సు ఆలస్యమైన రోజు పరుగెత్తుకుని లోపలికొస్తారు. చేతికి స్ట్రాపు కట్టుకుంటారు గానీ, అది పనిచేస్తోందో లేదో చూసే టెస్టర్ దగ్గర క్యూ ఉంటుంది, నిలబడరు. ఒంట్లోని స్టాటిక్ కరెంటుకు చిప్పు పోతుంది, కంటికి ఏమీ కనబడదు.

చిన్నాయన: ఏం చేశావు?

అమ్మాయి: వాళ్ళను తిట్టమని మా పైవాళ్ళు చెప్పారు. నేను ఇంకో టెస్టర్ అడిగాను, బస్సు దిగేచోటికి దగ్గరగా పెట్టమన్నాను. ఖర్చన్నారు. పోయిన బోర్డుల ఖరీదు లెక్కగట్టి కాగితం ఇచ్చాను. పెట్టారు. మొదటి గంట మిగతా గంటల్లాగే అయింది.

చిన్నాయన: ఇది నాకెప్పుడూ చెప్పలేదే?

అమ్మాయి: నువ్వు ఎప్పుడూ మార్కులే అడిగావు.

చిన్నాయన: మార్కులు అడగడం నా వృత్తి. కానీ విను, బోర్డులో నేను కూర్చున్నప్పుడు ఇట్లాంటిది చెప్పినవాళ్ళు తక్కువ. అందరూ 'టీమును లీడ్ చేశాను' అంటారు, ఏం మారిందని అడిగితే చేతులు తిప్పుతారు. నువ్వు చెప్పినదాంట్లో కొలత ఉంది, కారణం ఉంది, డబ్బు లెక్క ఉంది, నలుగురిని ఒప్పించడం ఉంది. మేనేజ్‌మెంటంటే మేము చెప్పేది ఇదే. ఇది 54ను చెరపదు. 54 పాతదైపోయిందని చూపిస్తుంది.

అమ్మాయి: అయితే ఒప్పుకున్నట్టేనా?

చిన్నాయన: సగం. ఫ్యాక్టరీ నువ్వు పనిచెయ్యగలవని చెప్తుంది. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోగలవా అన్నదానికి అది జవాబు కాదు. వాళ్ళ భయం అదే. అకౌంట్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ మొదటి టర్ములోనే మీద పడతాయి. అక్కడ పోయేవాళ్ళను చేర్చుకుంటే వాళ్ళకూ నష్టం. కాబట్టి చదువులో కొత్త రుజువు కావాలి. ఎన్‌పీటెల్ తీసుకో. ఐఐటీ వాళ్ళు చెప్పే కోర్సులు, చదవడానికి రూపాయి అక్కర్లేదు. పరీక్ష సెంటరుకు పోయి రాయాలి, దానికే ఫీజు. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, ఆ పరీక్షకు 75. ఇంట్లో కూర్చుని క్లిక్ కొట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్టు కాదు కాబట్టి చూసేవాడు దానికి విలువిస్తాడు. ఒక స్టాటిస్టిక్స్, ఒక అకౌంటింగ్. రెండు చాలు, కానీ మంచి మార్కులతో.

అమ్మాయి: చివరి రెండు సెమిస్టర్లు, ఆ తర్వాత ఈ రెండు. అప్పుడు గీత పైకి పోతున్నట్టు కనబడుతుంది.

చిన్నాయన: కనబడాలి. ఇంకోటి, ఇంటర్వ్యూలో నీ బ్రాంచి సబ్జెక్టు అడుగుతారు. మార్కులు తక్కువున్నవాళ్ళను ఇంకా అడుగుతారు. నీకిష్టమైన సబ్జెక్టు ఏదంటే పోయిన సబ్జెక్టు చెప్పు. సిగ్నల్స్ పోయిందన్నావు కదా, ఇప్పుడు తీసి మళ్ళీ చదువు. పోగొట్టుకున్నదాన్ని వెనక్కి పోయి నేర్చుకుని వచ్చిన మనిషిని నేనైతే బయటికి పంపను.

అమ్మాయి: కారణం అడిగితే ఏం చెప్పాలి? హాస్టలు, ఇంట్లో ఇబ్బందులు, నాయనకు ఆపరేషను అవన్నీ రాయాలా?

చిన్నాయన: నాయన ఆపరేషను మూడో ఏడులో అయింది, సబ్జెక్టులు మొదటి ఏడు నుంచే పోయాయి. తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే నీ మాట చెల్లదు. నిజం రాయి. ఎట్లా చదవాలో తెలియక మూడేళ్ళు పోగొట్టుకున్నాను, నాలుగో ఏడు నేర్చుకున్నాను, ఆ తర్వాత ఇవి చేశాను. మూడు వాక్యాలు. ఏడుపు వద్దు, కాలేజీ మీద నింద వద్దు. కొన్ని స్కూళ్ళు దీనికోసమే అప్లికేషన్లో వేరే చోటిస్తాయి, ఆ చోటు నిండా రాయాలని నియమమేం లేదు.

డబ్బు మాట వచ్చేసరికి ఇద్దరి గొంతులూ మారాయి. నేను అనుకున్నదానికి భిన్నంగా, ఎక్కువ కోపం వచ్చింది చిన్నాయనకే.

అమ్మాయి: మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. నీ పర్సంటేజీకి ఎంట్రన్సు ఎందుకమ్మా, బెంగళూరులో డైరెక్టుగా సీటిప్పిస్తాను, ప్లేస్‌మెంటు గ్యారంటీ అన్నాడు. నాయన నడుచుకుంటూ పోయి పొలం కాగితాలు తీశాడు.

చిన్నాయన: నా చదువు చెప్పే జీవితంలో నన్ను బాగా బాధపెట్టింది ఇదే పాపా. నా దగ్గర చదువుకున్న పిల్లలే ఇట్లా పోయారు. మార్కులు తక్కువున్న పిల్లకు సిగ్గుంటుంది, ఆ సిగ్గు మీద వీళ్ళు బేరమాడతారు. నీ మార్కులు ఏమాత్రం అడగని చోటు నీకేదో మేలు చేస్తోందని అనుకోవద్దు. ఎవరినైనా చేర్చుకునే చోట పక్క బెంచీలో కూర్చునేదెవరో, క్యాంపస్‌కు వచ్చే కంపెనీ ఏదో కూడా అడగకుండా ఉంటారు. పోయిన ఏడు చేరినవాళ్ళ ఫోన్ నంబర్లు పదిమందివి అడుగు, ఇస్తారేమో చూడు.

అమ్మాయి: మరి అప్పు లేకుండా ఎట్లా?

చిన్నాయన: అప్పు తప్పు కాదు. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది. ఎంపిక చేసిన మంచి సంస్థల్లో మెరిట్ మీద సీటొస్తే తాకట్టు, పూచీ లేకుండా బ్యాంకు అప్పిస్తుంది. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపైతే పది లక్షల అప్పుదాకా వడ్డీలో మూడు శాతం రాయితీ, దానికి వేరే షరతులున్నాయి. గమనించావా, బ్యాంకు కూడా ఏ సంస్థ అని చూస్తోంది. పొలం కాగితాలు అడిగే చోటికీ, అడగని చోటికీ తేడా నాయనకు నువ్వే చెప్పాలి.

అమ్మాయి: నేను చెప్తే వినడు, నువ్వు చెప్పు.

చిన్నాయన: చెప్తాను. దానికి బదులు నువ్వు నాకొక మాటివ్వాలి. ఈ ఏడు క్యాట్ వద్దు. ఎన్‌పీటెల్ రెండూ పూర్తిచేసి, ఐసెట్ రాసి, వచ్చే ఏడు క్యాట్‌కు పో. తొందరేముంది?

అమ్మాయి: ఉంది. నాకు ఇరవై ఆరు. ఇంట్లో పెళ్ళి మాట ఇప్పటికే మొదలైంది, అది నీకూ తెలుసు. మగపిల్లవాడికైతే వచ్చే ఏడు అనేది వచ్చే ఏడే. నాకు వచ్చే ఏడు ఉంటుందో లేదో నాకు తెలియదు.

చిన్నాయన దీనికి జవాబు చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను. మార్కుల గురించి ఇంతసేపు మాట్లాడిన మేమిద్దరం, ఈ అమ్మాయికి ఉన్న గడువు సంగతి ఆమె చెప్పేదాకా తలచలేదు. ఓపికగా రుజువులు కూడబెట్టుకోమన్న సలహా మంచిదే, కానీ అది కాలం చేతిలో ఉన్నవాళ్ళకు ఇచ్చే సలహా. ఆడపిల్లకు ఆ సలహా ఇచ్చే ఇల్లు, ఆ కాలాన్ని కూడా ఇవ్వాలి.

చిన్నాయన: అన్నయ్యతో ఆ మాట కూడా నేనే మాట్లాడతాను. రెండేళ్ళు ఎవరూ నీ దగ్గర సంబంధాల ఊసెత్తకుండా చూస్తాను. సరేనా?

అమ్మాయి: మాట్లాడు. మాట్లాడినా నేను ఈ ఏడే రాస్తాను. ఎన్‌పీటెల్ కూడా ఈ సెమిస్టరే మొదలుపెడతాను. రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను, అప్పుడు నీ లెక్క కూడా కలిసొస్తుంది.

చిన్నాయన: షిఫ్టులు చేస్తూ రెండూనా?

అమ్మాయి: నైట్ షిఫ్టు వారాల్లో మధ్యాహ్నాలు నావే.

చిన్నాయన: బెంగళూరు మాత్రం అప్లికేషన్లో పెట్టొద్దు. ఊరికే డబ్బు దండగ.

అమ్మాయి: క్యాట్‌కు ఫీజు ఒక్కటే చిన్నాయనా, ఎన్ని ఐఐఎంలు టిక్ పెట్టినా అంతే.

చిన్నాయన: అయితే పెట్టు. విశాఖ ముందు పెట్టు.